ట్యాబ్‌లు వచ్చాయి సరే, టీచరుకు టైమేదీ?

బడికి కొత్త స్మార్ట్ బోర్డులు వచ్చిన రోజు తీసే ఫొటోలు ఒకసారి గమనించండి. ముందు వరుసలో మేనేజ్‌మెంట్ వాళ్ళు, ప్రిన్సిపాల్, కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు. రేపటి నుంచి ఆ బోర్డుతో కుస్తీ పట్టాల్సిన లెక్కల టీచరు వెనకెక్కడో సగం మొహంతో కనిపిస్తారు, అదీ కనిపిస్తే. చదువులో టెక్నాలజీ గురించి మనం చేసే చర్చ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఏం కొన్నాం, ఎన్ని కొన్నాం అన్నది ముందుంటుంది. దాన్ని పట్టుకుని పాఠం చెప్పాల్సిన మనిషికి రోజెలా గడుస్తోందన్నది ఎవరికీ పట్టదు.

నేను టీచరుగా మొదలుపెట్టి, తరవాత టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే పనిలోకి వచ్చాను. చాలా స్కూళ్ళు చూశాను, చాలామంది హెడ్‌మాస్టర్లతో కూర్చుని మాట్లాడాను. "టెక్నాలజీ మా దగ్గర బాగా నడవాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఒకటే. కొత్తది ఇచ్చే ముందు టీచరు నెత్తి మీదున్న పనుల్లోంచి ఏదో ఒకటి దించండి. ఈ మాటకు చాలామంది నవ్వేసి, మళ్ళీ ఏ ట్యాబ్ మంచిదో చెప్పమంటారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

సామాను వస్తే చదువు దానంతటదే మారిపోతుందన్న నమ్మకం ఇవాళ్టిది కాదు. సినిమా ఇంకా మూకీగా ఉన్న రోజుల్లో, 1913లో, థామస్ ఎడిసన్ బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లిపోతుందన్నాడు. పదేళ్ళలో బడి వ్యవస్థ మొత్తం మారిపోతుందనీ అన్నాడు. నూరేళ్ళు దాటాయి. పిల్లల సంచీ బరువు ఎవరికి తెలియదు! ఆ తరవాత రేడియో, టీవీ, కంప్యూటర్ ఒక్కొక్కటే వచ్చినప్పుడల్లా ఇవే మాటలు తేదీ మార్చి వినిపించాయి.

మాటలు వదిలేసి ఫలితాలు చూద్దాం. పెరూ ప్రభుత్వం పిల్లవాడికో ల్యాప్‌టాప్ పథకాన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. అక్కడి 319 గ్రామీణ పాఠశాలల్లో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. పథకం అందిన బడుల్లో, తలకు చూస్తే, విద్యార్థికి 0.12గా ఉన్న కంప్యూటర్లు 1.18కి పెరిగాయి. అంటే పంపిణీ బ్రహ్మాండంగా జరిగింది. లెక్కల్లో, భాషలో పిల్లల ఫలితాలు మాత్రం కదల్లేదు. 2013లో లాస్ ఏంజెలిస్ స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్ ఇస్తామని బయల్దేరింది. మొత్తం పథకం ఖర్చు సుమారు 130 కోట్ల డాలర్లు అవుతుందన్నారు. కొద్ది వారాల్లోనే పిల్లలు వాటి సెక్యూరిటీ ఫిల్టర్లను దాటేశారు. పాఠాల సాఫ్ట్‌వేర్ సగం సగంగా ఉంది, కాంట్రాక్టు కట్టబెట్టిన తీరు మీద గొడవ లేచింది, మరుసటి ఏడాదే ఒప్పందం రద్దయింది.

ఇవి చూసి "టెక్నాలజీ వల్ల లాభం లేదు" అని తేల్చేసేవాళ్ళున్నారు. వాళ్ళతోనూ నేను ఏకీభవించను. ఎందుకో చెప్పడానికి నాకు బాగా నచ్చిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2002 నుంచే ఏడో తరగతి పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇస్తోంది. అక్కడ పదేళ్ళ తరవాత కొన్ని స్కూళ్ళలో లెక్కల హోంవర్క్‌ను ఎసిస్ట్‌మెంట్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ మీద చేయించారు, మిగతా స్కూళ్ళు పాత పద్ధతిలోనే చేశాయి. ఏ స్కూలు ఎటు అన్నది లాటరీ వేసినట్టు తేల్చారు. ప్రోగ్రామ్ చేసే పని చాలా చిన్నది. పిల్లవాడు తప్పు చేస్తే అప్పటికప్పుడు చెబుతుంది, కావాలంటే చిన్న సాయం చేస్తుంది, ఎవరు ఎక్కడ తప్పారో టీచరుకు రిపోర్టు ఇస్తుంది. ఆ రిపోర్టును క్లాసులో ఎలా వాడుకోవాలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఏడాది పొడవునా పక్కనుండి సాయం చేశారు. ఏడాది చివర ఈ స్కూళ్ళ పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందున్నారు. వెనకబడి ఉన్న పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. ల్యాప్‌టాప్‌లు రెండు వైపులా ఉన్నాయి. తేడా తెచ్చింది వాటితో మరుసటి రోజు క్లాసులో టీచరు చేసిన పని.

ఆ పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. భిన్నాల కూడిక మీద రాత్రి హోంవర్క్ ఇచ్చారనుకోండి. మూడింట ఒకటి, నాలుగింట ఒకటి కలిపితే ఎంత? సరైన జవాబు 7/12. పొద్దున్నే టీచరు రిపోర్టు తెరిస్తే క్లాసులో సగం మంది 2/7 అని రాసి ఉన్నారు. తెలిసిన టీచరుకు ఆ 2/7 చూడగానే కథంతా అర్థమైపోతుంది. పిల్లలు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేశారు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, భిన్నమంటే రెండు వేరువేరు అంకెలనుకోవడం వల్ల వచ్చింది. మళ్ళీ అదే లెక్క పది సార్లు చేయిస్తే పోదు. "2/7 అనేది మూడింట ఒకటి కన్నా చిన్నది కదా, ఉన్నదానికి కొంత కలిపాక తగ్గడమేంట్రా?" అని అడగాలి. ఒక కాగితం మడిచి చూపించాలి. అప్పుడు పిల్లల కళ్ళు ఒక్కసారిగా పెద్దవవుతాయి. ఇంకో నలుగురు 2/12 అని రాసుంటారు. వాళ్ళకు కింది అంకె ఎలా వస్తుందో తెలుసు, పైది మార్చడం మరిచిపోయారు. వాళ్ళకు చెప్పాల్సింది వేరు.

కంప్యూటర్ ఇక్కడ చేసిన సాయం, నలభై నోటుపుస్తకాలు దిద్దితే రాత్రికి తెలిసేదాన్ని పొద్దున్నే ముందుపెట్టడం. మిగతాదంతా టీచరు చేశారు. అయితే అది చెయ్యాలంటే పొద్దున్న ఆ రిపోర్టు చూసుకోవడానికి పదిహేను ఇరవై నిమిషాలైనా కావాలి. ఇవాళ చెబుదామనుకున్న పాఠాన్ని పక్కనపెట్టి మళ్ళీ 2/7 దగ్గరికి వెళ్ళే స్వేచ్ఛ కావాలి. సిలబస్ వెనకబడిందేమని ఎవరూ నిలదీయరన్న ధీమా కావాలి. ఈ మూడింట్లో ఒక్కటీ కంపెనీ అమ్మదు. మూడూ హెడ్‌మాస్టరు చేతిలోనో, ఆయన పైవాళ్ళ చేతిలోనో ఉంటాయి.

మన స్కూళ్ళలో ఆ పదిహేను నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి? హాజరు ముందు రిజిస్టరులో వెయ్యాలి. తరవాత యాప్‌లో వెయ్యాలి. యాప్ మొరాయిస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, సాయంత్రం మళ్ళీ యాప్‌లో ఎక్కించాలి. మార్కులు కాగితం మీద ఒకసారి, ఎక్సెల్ షీట్‌లో ఒకసారి, పోర్టల్‌లో మరోసారి. డిజిటల్ చేస్తున్నామని కొత్తది తెచ్చి కలుపుతారు తప్ప పాతది ఎవరూ తీసెయ్యరు. అడిగితే "ఎందుకైనా మంచిది, ఉండనివ్వండి" అంటారు. ఆ ఎందుకైనా మంచిదన్న మాటకు ధర కట్టేది టీచరు. నన్నడిగితే ఒక హెడ్‌మాస్టరు టెక్నాలజీకి నిజంగా మద్దతిస్తున్నారా లేదా అన్నది తెలుసుకోవడానికి ఆయన కొన్నవాటి జాబితా చూడనక్కర్లేదు. గడిచిన ఏడాదిలో ఆయన మూసేసిన రిజిస్టర్లు ఏవో అడిగితే చాలు.

కొంతమంది అది మా చేతిలో లేదంటారు, పైనుంచి ఆర్డర్ అంటారు. కొంతవరకు నిజమే. కానీ పైనుంచి వచ్చినవాటికన్నా స్కూలు తనకు తానే తగిలించుకున్నవి ఎక్కువని నా అనుభవం. ఒకచోట ప్రతి టీచరూ వారం వారం ఒక ఫారం నింపి ఇస్తున్నారు. అది ఎవరడిగారని ఆరా తీస్తే, ఎప్పుడో బదిలీ అయి వెళ్ళిపోయిన హెడ్‌మాస్టరు పెట్టిన ఏర్పాటని తేలింది. ఆ ఫారాలు బీరువాలో పేర్చి ఉన్నాయి. వాటిని తెరిచి చూసినవాళ్ళు లేరు.

ఇక ట్రైనింగ్. నా తిండి దానిమీదే కాబట్టి నిష్ఠురంగా అయినా చెప్పాలి. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి, ఏ బటన్ ఎక్కడుందో చూపించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపితే క్లాసులో ఏమీ మారదు. పక్కనుండి చూసి, మాట్లాడి, మళ్ళీ వచ్చి చూసే కోచింగ్ పద్ధతి మీద జరిగిన 60 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన పరిశోధన 2018లో వచ్చింది. అలా చేస్తే బోధన బాగా మెరుగుపడుతుందని, పిల్లల మార్కులూ కొంత పెరుగుతాయని అందులో తేలింది. అయితే పథకం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పల్చబడుతుందని కూడా అదే పరిశోధన చెప్పింది. అందుకే వెయ్యిమందికి ఒకేసారి ఇచ్చే ఆన్‌లైన్ శిక్షణ అంటే నాకు భయం. స్కూల్లోనే కాస్త ముందున్న టీచరుకు వారంలో రెండు పీరియడ్లు ఖాళీ చేసి, పక్క క్లాసుకు వెళ్ళి కూర్చోమనండి. టైమ్‌టేబుల్ వేసేటప్పుడే వెయ్యాలి అది. తరవాత చూద్దామంటే ఏడాది గడిచిపోతుంది.

హెడ్‌మాస్టరు కూడా క్లాసులోకి వెళ్ళాలి. వెళ్ళి చూడాల్సింది బోర్డు వెలుగుతోందా అన్నది కాదు. "నిన్నటి క్విజ్‌లో పిల్లల గురించి మీకు కొత్తగా ఏం తెలిసిందండీ? ఇవాళ పాఠంలో ఏం మార్చారు?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలు అడుగుతారని తెలిస్తే స్టాఫ్ రూమ్‌లో మాటల తీరే మారిపోతుంది. దీనికి బదులు ఎన్ని లాగిన్లు, ఎన్ని నిమిషాలు అని లెక్కపెడితే ఏమవుతుందో నేను చూశాను. ఒక స్కూల్లో యాప్ ఎక్కువ వాడిన సెక్షన్ల పేర్లు నోటీసు బోర్డులో పెట్టేవారు. మొదటి ర్యాంకు వచ్చిన సెక్షన్‌కి వెళ్ళాను. బెల్లు కొట్టడానికి ముందు టీచరు "అందరూ ఒకసారి నొక్కేయండి" అన్నారు, పిల్లలు ప్రశ్న చదవకుండానే టకటకా నొక్కేశారు. టీచరు మీద కోపం రాలేదు నాకు. ఆవిడను ఏది అడిగారో అది ఇచ్చారు.

వాడకుండా ఉండే హక్కు గురించి కూడా ఒక మాట. పదిహేనేళ్ళ పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్ష 2022 ఫలితాల ప్రకారం, లెక్కల క్లాసులో పక్కవాళ్ళు ఫోన్లూ ట్యాబ్‌లూ వాడుతుంటే తమ ధ్యాస చెదురుతోందని చెప్పిన పిల్లలకు, కుటుంబ పరిస్థితుల తేడా తీసేసి చూసినా, 15 పాయింట్లు తక్కువ వచ్చాయి. అవే పీసా లెక్కల్లో, చదువు కోసం రోజుకు గంట లోపు పరికరాలు వాడిన పిల్లలు అసలు వాడనివాళ్ళకన్నా ముందున్నారు. రెండూ నిజమే. కాబట్టి ఏ పాఠానికి వాడాలి, ఏ పాఠానికి మూసి పక్కన పెట్టాలి అన్న నిర్ణయం పాఠం చెప్పేవాళ్ళదే కావాలి. "ఇవాళ నల్లబల్ల చాలు సార్" అని టీచరు అన్నప్పుడు, ఇన్ని డబ్బులు పోసి కొన్నాం కదా అని మొహం మాడ్చుకునే హెడ్‌మాస్టరు దగ్గర టెక్నాలజీ ఎప్పటికీ బాగుపడదు. భయంతో వాడేవాళ్ళు దాన్ని చూపించడానికే వాడతారు.

కొనుగోలు గురించి ఎక్కువ చెప్పను. డెమోలో నెట్ ఎప్పుడూ ఆగదు, పాస్‌వర్డ్ ఎవరూ మరిచిపోరు. యునెస్కో 2023లో ఇచ్చిన నివేదికలో మూడు అంకెలున్నాయి. చదువుకు సంబంధించిన టెక్నాలజీ ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయి. అమెరికాలో స్కూళ్ళు కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో దాదాపు మూడింట రెండు వంతులు వాడకుండా పడి ఉన్నాయి. బ్రిటన్‌లో ఇలాంటి కంపెనీల్లో తమ సరుకు పనిచేస్తుందో లేదో శాస్త్రీయంగా, లాటరీ పద్ధతిలో పరీక్షించి చూసుకున్నవి 7 శాతమే. కాబట్టి అమ్మేవాళ్ళ మాట వినండి, కానీ ట్రయల్ మీ స్కూల్లో, మీ నెట్ మీద, అన్నిటికీ పెదవి విరిచే టీచరు చేతికిచ్చి చేయించండి. ఉత్సాహవంతులు దేన్నయినా నడిపించేస్తారు, వాళ్ళను చూసి నిర్ణయించకూడదు. పిల్లల సమాచారం ఎక్కడికి పోతోందో కూడా అడగండి. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫార్సు చేసిన చదువు యాప్‌లనూ వెబ్‌సైట్లనూ హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ పరిశీలిస్తే, 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే విధంగా వాళ్ళ డేటాతో వ్యవహరిస్తున్నాయని తేలింది. దీన్ని టీచరు కనిపెట్టలేరు. సంతకం పెట్టేవాళ్ళే చూసుకోవాలి.

స్కూలు గేటు దాటాక సంగతి వేరు. 2020లో యూనిసెఫ్, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ వేసిన లెక్కలో ప్రపంచంలోని 3 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఈ సంగతి పట్టించుకోకుండా హోంవర్క్ అంతా ఆన్‌లైన్ అని ప్రకటించే పెద్దమనుషులు నాకు తెలుసు. అదే ఏడాది బోట్స్‌వానాలో బడులు మూతపడినప్పుడు జరిగిన ప్రయోగం వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది. మామూలు ఫోన్లకు వారానికోసారి ఎస్సెమ్మెస్‌లో లెక్కలు పంపారు. కొన్ని ఇళ్ళకు దాంతోపాటు ఒక మనిషి ఫోన్ చేసి ఇరవై నిమిషాల లోపు పిల్లవాడితో ఆ లెక్కలు చేయించారు. మనిషి ఫోన్ చేసిన ఇళ్ళలో పిల్లలు మెరుగుపడ్డారు. వట్టి మెసేజ్ వెళ్ళిన ఇళ్ళలో పెద్ద తేడా రాలేదు. స్మార్ట్‌ఫోన్ లేదు, యాప్ లేదు, నెట్ లేదు. చేతిలో ఏముందో చూసుకుని, మనిషిని ఎక్కడ పెట్టాలో ఆలోచించినవాళ్ళు చేసిన పని అది.

ఇప్పుడు ఏఐ వచ్చింది. నాకు వచ్చే ఫోన్లలో సగం దాని గురించే, అందరిదీ ఒకటే టెన్షన్, నిషేధించాలా వద్దా అని. టర్కీలో సుమారు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో చేసిన ప్రయోగం 2025లో ప్రచురితమైంది. ఒక గుంపుకు లెక్కల సాధనలో జీపీటీ-4 అనే ఏఐని మామూలుగా ఇచ్చారు, అడిగితే జవాబు చెప్పేస్తుంది. సాధనలో వాళ్ళు 48 శాతం మెరుగయ్యారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టనివాళ్ళకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ఇంకో గుంపుకు అదే ఏఐని, టీచర్లు రాసిచ్చిన సూచనలతో, జవాబు చెప్పకుండా దారి మాత్రం చూపేలా మార్చి ఇచ్చారు. వీళ్ళకు ఆ నష్టం దాదాపు జరగలేదు. పరీక్షలో లాభం కూడా కనిపించలేదు, అదీ గుర్తుపెట్టుకోవాలి. యంత్రం రెండు చోట్లా ఒకటే. పిల్లలు ఏ లెక్కలో ఎలా తప్పుతారో, ఎక్కడివరకు చెప్పి ఆగాలో ముందుగా కూర్చుని రాసిన టీచర్లు ఒకవైపే ఉన్నారు. ఆ కూర్చుని రాయడానికి మళ్ళీ టైమే కావాలి. నిషేధం సర్క్యులర్ ఒక పేజీలో అయిపోతుంది కాబట్టి చాలా స్కూళ్ళు అదే పంపి ఊరుకున్నాయి. పిల్లలు ఇంటి దగ్గర హాయిగా మొదటి రకం వాడుకుంటున్నారు.

నా వాదనకు ఎదురుగా వచ్చే మాట నాకు తెలుసు. బడ్జెట్ వచ్చేదే పరికరాల పద్దు కింద. ఏడాది ఆఖరుకు ఖర్చుపెట్టకపోతే వెనక్కిపోతుంది. వంద ట్యాబ్‌లను తల్లిదండ్రులకు చూపించొచ్చు, టీచరుకు ఇచ్చిన రెండు ఖాళీ పీరియడ్లను ఎవరికి చూపిస్తాం? అంటారు. ఇబ్బంది నిజమే. అధికారులు కూడా తమ పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. కానీ పద్దు రాసేది మనుషులే. వంద ట్యాబ్‌ల ప్రతిపాదన పైకి పంపేటప్పుడు ఎనభైకి తగ్గించి, మిగిలిన డబ్బును రిపేర్లు చూసే ఒక మనిషికీ, కోచింగ్‌కు వెళ్ళిన టీచరు క్లాసు చూసుకునే ఇంకో మనిషికీ అడిగిన హెడ్‌మాస్టర్లను నేను చూశాను. కొందరికి కొర్రీ పడి కాగితం తిరిగొచ్చింది. కొందరికి మంజూరైంది. మంజూరైనచోట ప్రొజెక్టర్ చెడిపోతే అదే రోజు బాగవుతోంది. కాబట్టి మీ స్కూల్లో ఈసారి ప్రతిపాదన రాస్తున్నప్పుడు, కంపెనీ కొటేషన్ జతచేసే ముందు, స్టాఫ్ మీటింగ్‌లో ఒక కాగితం తిప్పి "మీరు చేస్తున్నవాటిలో ఆపేసినా పిల్లలకు ఏ నష్టమూ లేని పని ఒకటి రాయండి" అని అడిగి చూడండి. పేర్లు రాయొద్దని చెప్పండి, లేకపోతే ఎవరూ నిజం రాయరు.